చెరువుతో సహా

మనం తవ్వని చెరువులో, మనం వెయ్యని చేపలకి మనం ఏమైనా బాకీ ఉన్నామా?

వినడానికి వేదాంతంలా ఉంది కానీ, మేరీలాండ్‌లో నాకు ఈ ప్రశ్న ఇంటి కాగితాల మీద సంతకాలతో పాటు వచ్చింది. పాత యజమాని పెరట్లో పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పున గుంట తవ్వించి, అడుగున నల్లటి రబ్బరు షీటు పరిపించి, పదకొండు గోల్డ్‌ఫిష్‌లని పెంచుకున్నాడు. ఇల్లు మాకమ్మి ఆయన ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. చేపలు వెళ్ళలేదు. అమ్మకం ఒప్పందంలో ఫ్రిజ్, వాషర్, డ్రయర్ ఉన్నాయి గానీ చేపల ఊసు లేదు. మా వృత్తిలో వాళ్ళకి ఇది కొత్త కాదు. ఎవరో రాసి వదిలేసి పోయిన ప్రోగ్రాములు మా నెత్తిన పడుతూనే ఉంటాయి. కాకపోతే ప్రోగ్రాముని ఆపేస్తే దానికి నొప్పెయ్యదు.

చేపకి మాత్రం వేస్తుందా అని అడిగేవాళ్ళున్నారు. 2003లో స్కాట్లండ్‌లో లిన్ స్నెడన్ అనే ఆవిడ, ఆమె సహచరులు ట్రౌట్ చేపల పెదవుల్లోకి కొన్నిటికి తేనెటీగ విషం, కొన్నిటికి ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూశారు. అవి చాలాసేపు తిండి ముట్టలేదు. ఆమ్లం ఎక్కించిన వాటిలో కొన్ని పెదవులని అడుగున గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయి. అది నొప్పి కాదు, చేప మెదడులో నొప్పికి తగిన భాగమే లేదు అని వాదించే శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదం తేలేదాకా జూలై ఎండ ఆగదు కదా! నొప్పి ఉందనుకునే నడుచుకుంటున్నాను.

"మన వెనకే వాగుంది, అందులో వదిలెయ్. హాయిగా స్వేచ్ఛగా బతుకుతాయి" అన్నాడు ఒక మిత్రుడు. స్వేచ్ఛ అనగానే మనవాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది. భాగవతంలో సత్యవ్రతుడూ మొదట అదే పని చేశాడు. కృతమాల నదిలో దోసిట్లోకి వచ్చిన చేపపిల్లని తిరిగి నీళ్ళలోనే వదిలాడు. పెద్ద చేపలు నన్ను మింగేస్తాయి, వదలొద్దని అది మొరపెట్టుకుంటే కమండలంలో వేసుకున్నాడు. అది పెరిగి కమండలం చాలకపోతే పెద్ద పాత్ర, తర్వాత మడుగు, తర్వాత సరస్సు, చివరికి సముద్రం. అది విష్ణువని తెలిశాక చేసిన సేవ గొప్పేమీ కాదు. తెలియక ముందు, ఒక మామూలు చేప పదే పదే "చాలడం లేదు" అంటుంటే విసుక్కోకుండా మోశాడు చూడండి, నాకు నచ్చింది అది.

వదిలేస్తే ఏమవుతుందో మా రాష్ట్రానికి బాగా తెలుసు. మన కొరమీను కుటుంబానికే చెందిన ఒక తూర్పాసియా చేపని ఇక్కడ ఉత్తర స్నేక్‌హెడ్ అంటారు. జబ్బుపడ్డ చెల్లెలికి సూప్ చేసిపెట్టాలని ఒకాయన న్యూయార్కు నుంచి రెండు ప్రాణమున్న చేపలు తెప్పించాడు. ఈలోగా ఆ అమ్మాయి కోలుకుంది. వాటిని చంపబుద్ధి కాక కొన్నాళ్ళు పెంచి, క్రాఫ్టన్ అనే ఊళ్ళో ఒక చెరువులో వదిలిపెట్టాడు. 2002లో సంగతి బయటపడేసరికి వెయ్యికి పైగా పిల్లలున్నాయి. అవి దగ్గర్లోని నదిలోకి పాకకుండా ఆ సెప్టెంబరులో చెరువులో రోటెనోన్ అనే విషం కలిపారు. స్నేక్‌హెడ్‌లతో పాటు మిగతా చేపలన్నీ చచ్చిపోయాయి. రెండేళ్ళు తిరక్కుండానే, 2004లో, పొటోమాక్ నదిలో అవే చేపలు కనిపించాయి. ఇది క్రాఫ్టన్ నుంచి పోయిన సంతతి కాదు, వేరెవరో దయగలవాళ్ళ పని! ఆ పెద్దమనిషి దుర్మార్గుడని నేననను. రెండు ప్రాణాల మీద జాలిపడ్డాడు. ఆ జాలి ఖరీదు చెరువు మొత్తం చెల్లించింది. గోల్డ్‌ఫిష్ స్నేక్‌హెడ్ అంత భయంకరమైంది కాదు గానీ, వాగులో పడితే అదీ పెరుగుతుంది, అడుగు మట్టిని కెలికి నీళ్ళని బురద చేస్తుంది, ఇతర చేపల గుడ్లు తింటుంది. కాబట్టి వాగు మాట అక్కడే ఆగిపోయింది.

మరి ఉంచుకుంటే ఏమివ్వాలి? తిండి అని ఠక్కున అనేస్తాం. నా లెక్కలో తిండిది ఆఖరి స్థానం. వాగులో చేపకి నీళ్ళు వేడెక్కితే చెట్టు నీడకి పోతుంది. ఊపిరాడకపోతే రాళ్ళ మధ్య నీళ్ళు గలగలలాడే చోటికి పోతుంది. కొంగ వస్తే వేరు కిందకి దూరుతుంది. నా చెరువులో చేపకి లేనిది ఆ పోవడమే. దారి మూసింది నేను కాకపోయినా, మూసివున్న దారికి ఇప్పుడు యజమానిని నేను. అది ఎక్కడెక్కడికి పోయుండేదో ఆ చోట్లన్నీ ఈ పన్నెండడుగుల్లోనే అమర్చడం, నేను తీర్చాల్సిన బాకీ అంతా అదేనని నాకనిపిస్తుంది.

చిక్కేమిటంటే, చూసేవాడికి బాగుండే చెరువూ, చేపకి బాగుండే చెరువూ ఒకటి కావు. పాతాయన చెరువు అద్దంలా ఉండేది. ఒక్క ఆకు లేదు, ఒక్క రాయి లేదు. కైకలూరు నుంచి మా మామగారు వచ్చి, గట్టున నిలబడి కాసేపు చూసి, "ఏమండీ అల్లుడుగారూ, ఇంత తేటగా ఉంటే కొంగకి విస్తరేసి వడ్డించినట్టే కదండీ!" అన్నారు. కొల్లేటి పక్కన బొచ్చె, శీలావతి చెరువుల మధ్య బతికిన మనిషి. ఇక్కడి కొంగ నాలుగడుగులుంటుంది, గ్రేట్ బ్లూ హెరాన్. 1918 నాటి వలసపక్షుల చట్టం దాన్ని కాపాడుతోంది, రాయి విసరడానికి కూడా లేదు. ఆయనన్న నెలలోపే పదకొండు తొమ్మిదయ్యాయి.

నేను మీటర్లు పెట్టి కొలిచేవన్నీ ఆయన కంటితోనే చెప్పేవారు. "తెల్లారగట్ల లేచి చూడండి, నోళ్ళు పైకెట్టి తేలుతున్నాయేమో" అనేవారు. నిజమే. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచూ మొక్కలే రాత్రంతా దాన్ని పీల్చుకుంటాయి, తెల్లవారుజాముకి నీళ్ళలో అది అడుగంటుతుంది. పైగా సున్నా డిగ్రీల దగ్గర లీటరుకి 14.6 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టే నీరు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పట్టుకుంటుంది. అందుకని రాత్రిపూట కరెంటు ఆదా చేద్దామని పంపు ఆపడం కుదరదు. ఒకరోజు ఆయన నవ్వుతూ, "నాకూ మీ చేపలకీ బాగా కుదిరిందండీ, ఇద్దరం గేటు దాటలేం" అన్నారు. ఆయనకి కారు నడపడం రాదు, మా వీధికి బస్సు రాదు. ఆ మర్నాటి నుంచి ఆయన్ని లైబ్రరీ దగ్గర దింపి ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి.

ఆ శరదృతువులో ఒక కొస మూడున్నర అడుగులకి లోతు చేయించాను. పని జరిగిన రెండు రోజులూ చేపలు గరాజులో, పిల్లలు ఆడుకునే గాలి తొట్టెలో ఉన్నాయి. నాలుగు డిగ్రీల దగ్గర నీరు అన్నిటికంటే బరువు కాబట్టి, పైన మంచు గడ్డకట్టినా అడుగున ఆ నాలుగు డిగ్రీలు దాదాపు నిలుస్తాయి. చలికాలమంతా చేపలు అక్కడే తిండీతిప్పలు లేకుండా పడుంటాయి. పైన మంచులో ఒక కన్నం మాత్రం తెరిచి ఉంచాలి, సమ్మెటతో కొట్టకుండా. కలువలు వేశాను, సగం నీళ్ళ మీద నీడ. పలకరాళ్ళు పేర్చి గూళ్ళు కట్టాను. ఫిల్టరు తళతళలాడేలా కడగడం మానిపించాను. చేపలు విడిచే అమోనియాని విరిచే బాక్టీరియా ఆ జిగటలోనే ఉంటుంది. కుళాయి నీళ్ళలోని క్లోరమైన్, క్లోరిన్‌లా ఒక పూట ఎండకి పోదు. దానికి మందు వేసి గానీ కొత్త నీళ్ళు పొయ్యకూడదు. ఇంత చేసిన ఫలితం, ఇప్పుడు చెరువులో చేపలు కనిపించవు! వచ్చిన అతిథులు "చేపలున్నాయన్నారు?" అని అడుగుతారు. మా ఆవిడ "ఉన్నాయిట" అంటుంది.

తేలనివి ఉన్నాయి. కప్పలు వాటంతటవే వచ్చి గుడ్లు పెడతాయి, గోల్డ్‌ఫిష్‌లు వాటిని తినేస్తాయి. చేపకి ఇల్లు బాగుచేసిన కొద్దీ కప్పకి పాడవుతోంది. కప్పకి పోవడానికి వాగుంది కాబట్టి దానికి నేను అంత బాకీ లేనని వాదించుకుని, అయినా మనసొప్పక పక్కన ఒక తొట్టె పాతాను. కొంగకైతే నేను బొత్తిగా బాకీ లేను. దానికి రెక్కలున్నాయి, నదుంది. చెరువు మీద వల మాత్రం కట్టలేదు. వలలో పాములూ పక్షులూ చిక్కుకుంటాయి. గూళ్ళలోకి దూరగలిగిన చేప బతుకుతుంది, దూరలేనిది పోతుంది. వాగులోనైనా అంతేగా? ఈ మాట నాకు పూర్తిగా నచ్చదు, ఇంతకంటే మంచిది దొరకలేదు.

పిల్లలు కాలేజీకి వెళ్ళాక ఈ ఇల్లు అమ్మాలని మా ఆలోచన. చెరువు పూడ్పించి లాన్ వేస్తే త్వరగా పోతుందని ఏజెంటు సలహా. గోల్డ్‌ఫిష్ ఇరవై ఏళ్ళు దాటి కూడా బతకగలదు. ఉద్యోగం మారేటప్పుడు మేం తర్వాత వచ్చేవాళ్ళకి కేటీ డాక్యుమెంట్ రాసిస్తాం, అలాంటిదొకటి మొదలుపెట్టాను. పంపు ఎప్పుడూ ఆపకూడదు. ఫిల్టరు స్పాంజిని చెరువు నీళ్ళలోనే జాడించాలి. నీళ్ళు పది డిగ్రీలకి దిగితే తిండి మానెయ్యాలి. చేపలు కనిపించకపోతే కంగారు పడక్కర్లేదు. ఆరో పేజీలో ఉన్నాను. ఒప్పందంలో ఫ్రిజ్ పక్కన చేపల్ని కూడా రాయించడానికి వీలుంటుందా అని లాయరుని అడగాలి.