ఆమెకి నిజంగానే పదిహేడేళ్లయితే?

'నెవర్ బీన్ కిస్డ్' (1999) ఇప్పటికీ హాయిగా చూడగలిగే సినిమా. రాజా గాస్నెల్ దర్శకుడు. డ్రూ బారీమోర్ వేసిన జోసీ గెల్లర్‌కి 25 ఏళ్లు, షికాగో సన్-టైమ్స్‌లో కాపీ ఎడిటర్. కుర్రకారు లోకం ఎలా ఉందో లోపల్నుంచి చూసి రాయమని పత్రిక ఆమెని పదిహేడేళ్ల విద్యార్థినిగా హైస్కూలుకి పంపుతుంది. అక్కడ ఇంగ్లీషు టీచర్ సామ్ కోల్సన్ మీద మనసు పడుతుంది. అతనికీ ఆమె మీద ఇష్టం మొదలవుతుంది. నిజం తెలిశాక అతను కోపంతో వెళ్లిపోతాడు. జోసీ జరిగిందంతా పత్రికలో రాసుకుని, బేస్‌బాల్ మైదానం మధ్యలో నిలబడి, ఐదు నిమిషాలు గడువు పెట్టుకుని అతని కోసం ఎదురుచూస్తుంది. గడియారం సున్నాకి వచ్చేశాక అతను వస్తాడు. ముద్దు, చప్పట్లు.

మనమూ చప్పట్లు కొడతాం. కానీ ఒక్కసారి ఆగి చూడండి. సామ్ ప్రేమించింది ఎవరిని? తన క్లాసులో కూర్చునే పదిహేడేళ్ల అమ్మాయిని. కనీసం అతనికి తెలిసింది అంతే. జెయింట్ వీల్ మీద పక్కన కూర్చుని మాట్లాడినప్పుడూ, ప్రామ్ రాత్రి ఆమెతో డాన్స్ చేసినప్పుడూ అతని ఎదుట ఉన్నది ఒక విద్యార్థిని. ఆమె వయసు 25 అని తెలియగానే ఈ కథ ప్రేమకథగా చెల్లిపోయింది. ఆ అంకె మారడంలో సామ్ ప్రమేయం ఏమీ లేదు.

దీన్ని తత్వశాస్త్రంలో నైతిక అదృష్టం అంటారు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ దీని గురించి రాసిన వ్యాసాలతో ఈ చర్చ బాగా ముందుకొచ్చింది. నేగెల్ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, బ్రేకులు చూయించుకోని లారీ డ్రైవర్. పిల్లవాడు అడ్డొస్తే అతను ఒక ప్రాణం తీసినవాడు. ఎవరూ అడ్డురాకపోతే ఏమీ కాదు, ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాడు. నిర్లక్ష్యం రెండుచోట్లా ఒకటే. మరి తప్పులో అంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

సామ్‌ది రోడ్డు మీద ఎవరూ అడ్డురాని కథ. అదే స్కూల్లో, అదే మాటలు, అదే చనువు నిజంగా పదిహేడేళ్ల అమ్మాయితో సాగి ఉంటే, ఈ సినిమాని రొమాంటిక్ కామెడీ అని ఎవరం అనుకోం.

సామ్ తరఫున రెండు మాటలు చెప్పొచ్చు. ఒకటి, మనసులో ఇష్టం పుట్టడం నేరం కాదు, అతను హద్దు దాటలేదు. ఇది న్యాయమైన మాటే. ఇష్టం పుట్టడం మన చేతిలో ఉండదు, దాన్నేం చేస్తామన్నదే మన చేతిలో ఉంటుంది. కానీ అతను దూరం జరగలేదు కదా, ఆ చనువుని పెరగనిచ్చాడు. రెండోది, ఆమెలో ఉన్న పెద్దమనిషి అతనికి తెలియకుండానే తగిలింది, అందుకే దగ్గరయ్యాడు అని. ఇది వినడానికి బాగానే ఉంటుంది. కానీ 'వయసు చిన్నదే అయినా బుద్ధి పెద్దది' అనే మాట ఎలాంటివాళ్ల నోట ఎక్కువగా వింటామో మనకి తెలుసు. మార్కులు వేసే చెయ్యి ఎవరిదో వాళ్లకే ఈ మాట మరీ అనువుగా ఉంటుంది.

ఈ ప్రశ్న సినిమాకి తట్టక కాదు. జోసీ ఒంటి మీద పెట్టిన రహస్య కెమెరాలో సామ్ చనువు చూసి, టీచర్ విద్యార్థినికి ఇంత దగ్గరవుతున్నాడన్నదే కథనంగా రాయమంటాడు ఆమె బాస్. అతనికి కావాల్సింది పత్రిక అమ్ముడుపోవడం. అందుకని మనం అతన్ని చూసి మొహం చిట్లిస్తాం, దాంతోపాటే అతనన్న మాటనీ పక్కన పడేస్తాం. అడిగినవాడి ఉద్దేశం చవకదే. అయినా అడిగింది సరైన ప్రశ్నే.

సినిమా తన అండకి షేక్‌స్పియర్‌ని కూడా తెచ్చుకుంటుంది. సామ్ క్లాసులో చెప్పే పాఠం 'యాజ్ యూ లైక్ ఇట్'. అందులో రోజలిండ్ మగవేషంలో ఉండి ఒర్లాండోకి ప్రేమించడం నేర్పుతుంది. ప్రామ్‌కి జోసీ వేసుకెళ్లేదీ రోజలిండ్ వేషమే. పోలిక అందంగా ఉంది, కానీ పూర్తిగా అతకదు. ఒర్లాండోకి ఎదుటి కుర్రాడి మీద ఏ అధికారమూ లేదు, ఆటంతా రోజలిండ్ చేతిలోనే ఉంటుంది. సామ్ చేతిలో మాత్రం హాజరుపట్టీ ఉంది.

జోసీ తప్పు లేదని కాదు. సామ్‌నే కాదు, తనని నమ్మి చేరదీసిన ఆల్డిస్ అనే అమ్మాయిని కూడా ఆమె మోసం చేసింది. అయితే ఆ తప్పు బరువు ఆమె మోసింది. పాత హైస్కూల్ రోజుల్లో ప్రామ్ రాత్రి తన మీద గుడ్లు విసిరి నవ్విన కుర్రాడి గాయం ఆమెలో ఇంకా మానలేదు. ఈసారి అందరూ మెచ్చే గుంపులో చోటు దొరికింది, కిరీటం కూడా దక్కింది. ఆ గుంపే ఆల్డిస్ మీద కుక్కల తిండి కుమ్మరించబోతుంటే, జోసీ అడ్డుపడి తన నిజం తనే బయటపెట్టింది. ఉద్యోగం, ప్రేమ, పరువు అన్నీ పోతాయని తెలిసే చేసింది. అందులో అదృష్టం పాత్ర లేదు. పెద్దయ్యాక మళ్లీ బడికెళ్లే కథలు మనకి ఎందుకు నచ్చుతాయో బహుశా ఇక్కడే ఉంది. అప్పుడు లేని ధైర్యం ఇప్పుడు ఉంటుంది, దాన్ని ఇంకొకరి కోసం వాడొచ్చు.

సామ్‌కి అలాంటి పరీక్ష ఒక్కటీ రాదు. ఆమె వయసు తెలిసినప్పుడు అతనికి కలిగింది కోపం. అంతకంటే ముందు గుండె ఝల్లుమని ఉండాల్సింది. 'ఈ అమ్మాయికి నిజంగా పదిహేడేళ్లే అయితే నేనేం చేస్తున్నట్టు?' అని ఒక్క క్షణం తనని తాను అడిగి ఉండాల్సింది. అలా అడిగిన సామ్‌ని మనం మరింత ఇష్టపడేవాళ్లం. సినిమా అతన్ని మోసపోయినవాడిగా మాత్రమే చూపించి, క్షమాపణ మొత్తం జోసీ చేతే చెప్పించింది.

అదృష్టం వల్ల తప్పించుకున్నవాళ్లని శిక్షించాలని నేననను. ఏమీ జరగనప్పుడు శిక్ష దేనికి? కానీ తప్పించుకున్నామని తెలుసుకోవడం వేరు, మనం మంచివాళ్లమని అనుకోవడం వేరు. బ్రేకులు చూయించుకోని డ్రైవర్ క్షేమంగా ఇల్లు చేరితే, మర్నాడు పొద్దున మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. ఆ ఐదు నిమిషాలు జోసీని మైదానంలో ఒంటరిగా నిలబెట్టిన సినిమా, సామ్‌ని కూడా ఒక నిమిషం ఎక్కడైనా నిలబెట్టి ఉంటే బాగుండేది.