ఇంటూ మార్కుల లెక్క

హైజంప్ స్కోరు షీటులో సున్నా అంటే దాటినట్టు, ఇంటూ అంటే కర్ర పడిపోయినట్టు. సున్నాని చూసి సంతోషించే చోటు బహుశా ఇదొక్కటే. ఆ షీటులో ఒక చిక్కు ప్రశ్న కూడా ఉంది: చివరికి దాటిన మనిషి విషయంలో, దాటకముందు పడిన ఇంటూలని ఏం చెయ్యాలి?

2014 జులైలో అమెరికాలోని యూజీన్‌లో ప్రపంచ జూనియర్ అథ్లెటిక్స్ జరిగింది. బ్రిటన్ అమ్మాయి మోర్గన్ లేక్‌కి అప్పుడు 17 ఏళ్లు. ఒకే వారంలో రెండు బంగారు పతకాలు గెలిచింది, హెప్టాథ్లాన్‌లో ఒకటి, హైజంప్‌లో ఒకటి. హెప్టాథ్లాన్‌లోని ఏడు అంశాల్లో హైజంప్ కూడా ఉంటుంది. అక్కడ ఆమె 1.94 మీటర్లు దాటింది, హైజంప్ ఫైనల్లో 1.93. దూకడం అదే. ఇంటూల లెక్క మాత్రం రెండుచోట్లా ఒకటి కాదు.

విడిగా జరిగే హైజంప్‌లో ఇద్దరు ఒకే ఎత్తు దగ్గర ఆగిపోతే, ఆ ఎత్తుని తక్కువ ప్రయత్నాల్లో దాటినవాళ్లే ముందు. అదీ సమానమైతే అప్పటిదాకా పడిన ఇంటూలన్నీ లెక్కపెడతారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహుచిఖ్, ఒలిస్లాగర్స్ ఇద్దరూ 2.00 మీటర్లే దాటారు. బంగారం, వెండి తేలింది ఈ లెక్కతోనే.

హెప్టాథ్లాన్‌లో అలా కాదు, పాయింట్లు ఎత్తుకే. మొదటిసారి దాటినా మూడోసారి దాటినా అవే పాయింట్లు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగో స్థానంలో నిలిచిన స్వప్నా బర్మన్‌కి 5708. హైజంప్‌లో కర్ర మూడు సెంటీమీటర్లు పైకి జరిగితే ముప్ఫైకి పైనే పాయింట్లు. అంటే మూడో ప్రయత్నంలో దాటిన ఒక్క ఎత్తు పతకాన్నే మార్చేయగలదు. ముందరి రెండు ఇంటూల సంగతి ఎవరూ అడగరు.

ఏది న్యాయం? నాకు రెండూ న్యాయంగానే కనిపిస్తాయి, ఎందుకంటే అడిగే ప్రశ్నలు వేరు. ఇద్దరిలో ఎవరు ముందు అన్నది ఒక ప్రశ్న, ఈ మనిషి ఎంత చెయ్యగలదు అన్నది ఇంకో ప్రశ్న. పైగా హైజంప్ కూడా ఎత్తుని పక్కనపెట్టి ఇంటూలు చూడదు. 1.80 దగ్గర రెండుసార్లు కర్ర పడేసి, తర్వాత 1.86 దాటిన అమ్మాయి, ఒక్క ఇంటూ లేకుండా 1.83 దగ్గర ఆగిన అమ్మాయి కంటే ముందే ఉంటుంది.

మనం చేసేది సరిగ్గా దీనికి తిరగేసి. మా మచిలీపట్నం, గుడివాడ వైపు బీటెక్ పూర్తిచేసిన ఏ పిల్లనైనా చుట్టాలు మొదట అడిగేది, "సప్లీలేమీ లేవు కదమ్మా?" అనే. ఏం నేర్చుకున్నావన్నది తర్వాతి మాట, అదీ అడిగితే. సమానంగా నిలిచినవాళ్లని విడదీయడానికి పెట్టుకున్న లెక్కని గుమ్మం దగ్గరే, అందరి మీదా వాడేస్తున్నాం. రెండో సెమిస్టర్‌లో మ్యాథ్స్ పోయిందన్న సంగతి నాలుగో ఏడు క్యాంపస్ ఇంటర్వ్యూ దాకా వెంటాడుతుంది, ఈలోగా ఆ పిల్ల మంచి ప్రోగ్రామర్ అయినా సరే.

దీనికి ఒక గట్టి జవాబు ఉంది: విమానం నడిపేవాళ్లు మూడోసారికి సరిగ్గా దించుతామంటే ఒప్పుకుంటామా? ఒప్పుకోం. అక్కడ కావలసిందే తొలిసారి తప్పకపోవడం. అయితే అక్కడ దాన్నే నేరుగా పరీక్షిస్తారు. పద్దెనిమిదేళ్లప్పుడు తప్పిన మ్యాథ్స్ పేపర్ దానికి సాక్ష్యం కాదు.

కాబట్టి "బ్యాక్‌లాగ్స్ ఉన్నవారు అనర్హులు" అని ప్రకటనలో రాసే కంపెనీని ఒకటి అడగొచ్చు: మీ దగ్గర ఇద్దరు సమానంగా తేలారా, లేక కర్ర ఎంత ఎత్తులో ఉందో చూసే ఓపిక లేదా?