పెరిగి పెద్దదైన కుక్క పట్ల మన ధర్మం

జాతి కుక్కపిల్లను తెచ్చుకునేవాళ్లు అది ఎంత పెరుగుతుందో ముందే అంచనా వేసుకోవచ్చు. క్రాస్ పిల్ల విషయంలో ఆ వీలు లేదు. తల్లి లాబ్రడార్ అని తెలిసినా తండ్రి ఎవరో చాలాసార్లు తెలియదు. ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు వేరువేరు తండ్రులు ఉండటం కూడా కుక్కల్లో సాధ్యమే. ఒళ్లో ఇమిడిన పిల్ల ఏడాదిన్నర తిరిగేసరికి 40, 50 కిలోల జంతువై గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది. అప్పుడు ఇంట్లో మాట మొదలవుతుంది: ఇంత అవుతుందని ఎవరనుకున్నారు? మామూలుగా వినిపించే ఈ మాట వెనుక ఒక ధర్మసందేహం ఉంది. పూర్తిగా తెలియక ఒప్పుకున్న బాధ్యతకు మనం కట్టుబడి ఉండాలా? ఉండాలనే నా వాదన. ఒక ప్రాణిని మన మీద ఆధారపడేలా చేసింది మనమే కాబట్టి బాధ్యత పుడుతుంది. ఆ ప్రాణి బరువు పెరిగిందని ఆ బాధ్యత రద్దు కాదు.

దీనికి మన సాహిత్యంలో దొరికే బలమైన సాక్ష్యం మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వం. తిక్కన సోమయాజి తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో అదొకటి. పాండవులు రాజ్యం విడిచి హస్తినాపురం దాటినప్పుడు ఒక కుక్క వాళ్ల వెంట నడుస్తుంది. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా దారిలో కూలిపోతారు. స్వర్గానికి తీసుకెళ్లడానికి రథంతో వచ్చిన ఇంద్రుడు కుక్కను వదిలి ఎక్కమంటాడు. నమ్ముకున్నదాన్ని వదలడం బ్రహ్మహత్యతో సమానమని ధర్మరాజు ఒప్పుకోడు. భార్యనూ తమ్ముళ్లనూ వదిలి వచ్చినవాడివి కుక్కను వదలలేవా అని ఇంద్రుడు నిలదీస్తాడు. వాళ్లు చనిపోయాకే వదిలాను, బతికించే శక్తి నాకు లేదు, బతికుండగా ఎవరినీ వదల్లేదు అని ఆయన జవాబు. ద్రౌపది కన్నా కుక్క మీద ప్రేమ ఎక్కువని ఆయన అనలేదు. తనను నమ్ముకుని ప్రాణంతో ఉన్నది ఎవరు, వాళ్లకు తాను చేయగలిగింది ఏమిటి అన్నదే చూశాడు. ఆ కుక్కను ఆయన పెంచలేదు, పిలవలేదు, దానికి మాట ఇవ్వలేదు. తనంతట తాను వెంట వచ్చినదానికే అంత హక్కు ఉంటే, తల్లి దగ్గర నుంచి మనమే విడదీసి తెచ్చుకున్న పిల్లకు ఎంత ఉండాలి?

అది మామూలు కుక్క కాదు కదా, యమధర్మరాజు కదా అని కొందరంటారు. నిజమే, కానీ ఆ సంగతి ధర్మరాజుకు తెలిసింది నిర్ణయం తీసుకున్న తర్వాత. స్వర్గాన్ని కాదన్న క్షణంలో ఆయన కళ్లకు కనిపించింది కుక్కే. ఇంకొక ఆక్షేపణ దీనికన్నా గట్టిది: తెలిసి ఇచ్చిన మాటకే కట్టుబడాలి, తెలియక ఇచ్చినదానికి ఎందుకు? దీనికి నా సమాధానం ఒకటే. క్రాస్ పిల్లను తెచ్చుకునేవాళ్లకు అది ఎంత పెరుగుతుందో తెలియకపోవచ్చు, కానీ తమకు తెలియదన్న సంగతి మాత్రం తెలుసు. తెలియనిదాన్ని తెలియనిదిగానే ఒప్పుకుని తెచ్చుకున్నారు. బిడ్డను కనేవాళ్లు కూడా ఇలాగే ఒప్పుకుంటారు. ఆ బిడ్డ ఆరోగ్యం, స్వభావం ఎలా ఉంటాయో తెలియకుండానే వాళ్ల బాధ్యత మొదలవుతుంది.

శాస్త్రం కుక్కను అశుచి అంది కదా అన్నది మరో మాట. ఆ మాట అన్న మనుస్మృతే, గృహస్థు కుక్కలకూ కాకులకూ పురుగులకూ నేల మీద అన్నం పెట్టాలని మూడో అధ్యాయంలో చెప్పింది. అంటుకోవద్దన్నంత మాత్రాన ఆకలికి వదిలేయమని కాదన్నమాట. భగవద్గీత ఐదో అధ్యాయం పండితుడు సమదృష్టితో చూడవలసినవాటిలో కుక్కనూ చేర్చింది. మనుషులకే తిండి లేనిచోట కుక్కకు ఇంత ఖర్చా అనే ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. పేదవాడి ఆకలి పట్ల మనకు బాధ్యత ఉంది. అయితే ఇంటి కుక్కను వదిలేసినంత మాత్రాన ఏ పేదవాడి కంచంలోకీ అన్నం రాదు. ఒక బాధ్యతను ఎగ్గొట్టి ఇంకొకదాన్ని తీర్చినట్టు చెప్పుకోవడం న్యాయం కాదు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ ఇరుగుపొరుగు భయం. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కలను, వాటి క్రాస్‌లను కూడా పెంచనివ్వవద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. మరోవైపు, కుక్కల ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. జాతి పేరు చూసో, క్రాస్ అనో క్రూరమని తీర్పు చెప్పలేం. అయినా 45 కిలోల కుక్క సరదాగా మీదికి దూకినా ముసలివాళ్లు పడిపోతారు. అందుకే బెల్టు, శిక్షణ, రేబీస్ టీకా, అవసరమైన చోట మూతికి చిక్కం యజమాని ధర్మంలో భాగాలే. వీధిలో వదిలేస్తే ప్రమాదం తగ్గదు, మన గుమ్మం నుంచి పక్కవీధి పిల్లల మీదికి మారుతుంది. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును సరైన కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఈ ధర్మం తేలికైనదని నేను చెప్పను. గట్టి నేల మీద పడుకుని పడుకుని పెద్ద కుక్కల మోచేతుల దగ్గర చర్మం బొంతలా మొద్దుబారుతుంది, మెత్తటి పరుపు వేయాలి. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోతే కడుపు మెలిపడిందేమోనని అర్ధరాత్రయినా పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. చిన్నకుక్కల కన్నా వీటికి ముసలితనం ముందే వస్తుంది. వెనక కాళ్లు లేవనప్పుడు పొట్ట కింద తువ్వాలు వేసి ఇద్దరు పట్టుకుని లేపాలి. జబ్బు వల్లనో ఊరు మారడం వల్లనో నిజంగా చేతకానివాళ్లు, అన్నీ తెలిసి ఒప్పుకునే ఇంటికి కుక్కను అప్పగిస్తే అది తప్పు కాదు. అక్కడ ఆశ్రయం చేతులు మారుతుందే తప్ప తెగిపోదు. కాబట్టి పిల్లను తెచ్చుకోబోయేవాళ్లకు నా విన్నపం ఇదీ: ఇది మీరు అనుకున్నదానికి రెట్టింపు పెరిగితే ఏం చేస్తారో ఇంటిల్లిపాదీ కూర్చుని ముందే తేల్చుకోండి. పెంచగలమన్న నమ్మకం కుదరకపోతే తెచ్చుకోకండి. తెచ్చుకున్నారా, చివరిదాకా చూసుకోండి.