మంచి కోసం కట్టిన వేషం

అబద్ధమాడరాదని పిల్లలకు బుద్ధులు చెప్పే మనమే, నాటకంలో ఒకడు మారువేషం వేసి మరొకణ్ణి బురిడీ కొట్టిస్తే చప్పట్లు కొడతాం. ఎందుకని? నాటకకర్త మనను మోసగించడు గనుక. వేషం వెనుక ఎవరున్నారో మనకు ముందే తెలుసు. తెలియనిదల్లా రంగం మీది పాత్రకే. నవ్వు అక్కడ పుడుతుంది. కాని నవ్వేసి ఊరుకోవడమేనా? మంచి ఉద్దేశంతో చేసిన మోసం మంచిదవుతుందా? ఈ ప్రశ్నకు గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ కంటే మంచి పరీక్ష లేదని మా అభిప్రాయం.

1892లో తొలిసారి ప్రదర్శించిన ఈ నాటకం 1897లో అచ్చయింది. 1909లో గురజాడవారు దాన్ని బాగా పెంచి తిరగరాశారు. కథ అందరికీ తెలిసిందే. అగ్నిహోత్రావధానులు పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకు డబ్బు పుచ్చుకొని కట్టబెట్ట నిశ్చయించాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకినా ఆయన మనసు కరగలేదు. ఆపడానికి చట్టమూ లేదు. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1929లో గాని రాలేదు. అప్పుడు వెంకమ్మ తోడబుట్టిన కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి, తన కూతురని చెప్పి లుబ్ధావధానులుకే పెళ్ళి చేస్తాడు. న్యాయమార్గాలు మూసుకుపోయిన చోట వేషం ఒక్కటే తలుపు తెరిచింది. సుబ్బి బతికిపోయింది. మనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం.

మరొకరైతే నాటకం అక్కడితో ముగించేవారు. గురజాడవారు ముగించలేదు. పెళ్ళికూతురు రాత్రికి రాత్రి మాయమయింది. ఆమెను చంపాడన్న నేరం లుబ్ధావధానులు నెత్తిన పడింది. పిసినారి కావచ్చు, ముసలితనంలో పెళ్ళికి ఎగబడినవాడు కావచ్చు. హంతకుడు మాత్రం కాదు. అతన్ని కాపాడాలంటే ఎవరో ఒకరు నిజం చెప్పాలి. చెబితే వేషం కట్టించినవారే బోనెక్కవలసి వస్తుంది. మంచి కోసమైనా సరే, మోసం ఖరీదు ఎవరో ఒకరు చెల్లించక తప్పదన్నమాట.

ఇంతకూ ఈ నాటకంలో అసలు వేషధారి మహేశం కాదు, గిరీశం. అతను చీర కట్టలేదు, గడ్డం అతికించలేదు. సంస్కరణ అనే మాటనే వేషంగా కట్టాడు. విధవా వివాహం మీద ఉపన్యాసాలిస్తూనే అమాయకురాలైన బుచ్చమ్మను లేవదీసుకుపోయాడు. మహేశం వేషం పని తీరగానే తీసేయడానికి కట్టింది. గిరీశం వేషం ఎన్నటికీ తీసే ఉద్దేశం లేనిది.

దీనికి ఎదురుగా మధురవాణిని చూడండి. వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి ఆమె మగవేషంలో వెళుతుంది. ఇదీ మోసమే. కాని ఆ వేషాన్ని తానే తీసేసి, తానెవరో తానే చెబుతుంది. లుబ్ధావధానులు నిర్దోషి అన్న నిజం అలా బయటపడింది. గిరీశం ముసుగూ అక్కడే తొలగింది. బుచ్చమ్మ పూనాలోని వితంతు శరణాలయానికి చేరే దారి ఏర్పడింది.

ఇది నాటకశాలతో పోయే మాట కాదు. మాబోటి వైద్యులను రోగి బంధువులు తరచూ పక్కకు పిలిచి, “అమ్మకు మాత్రం చెప్పకండి డాక్టరుగారూ, పుండు అనండి చాలు” అంటారు. పరదేశంలో ఉన్న మన కుటుంబాలన్నిటికీ ఈ నాటకం అలవాటే. అక్కడ నాన్నగారు గుండెనొప్పి దాచి “కులాసాగానే ఉన్నాం” అంటారు. ఇక్కడ అబ్బాయి ఉద్యోగం పోయిన సంగతి దాచి అదే మాట అంటాడు. ఇద్దరిదీ ప్రేమే, సందేహం లేదు. కాని ఇక్కడ ప్రేక్షకుడు లేడు. వేషం వెనుక ఏముందో తెలిసి నవ్వేవారెవరూ లేరు. ఖరీదు చెల్లించవలసినవాడికి తాను చెల్లిస్తున్నానని కూడా తెలియదు.

కాబట్టి వేషం కట్టేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలని మా మనవి. దీని ఖరీదు ఎవరు చెల్లిస్తారు? దీన్ని నేనే తీస్తానా, ఎప్పుడు? నాటకానికి చివరి అంకం ఉంటుంది, రచయిత దాన్ని తప్పక రాస్తాడు. మన ఇళ్ళలో ఆ అంకం మనమే రాసుకోవాలి. అదీ, వినవలసినవారు వినగలిగిన స్థితిలో ఉండగానే.