శమీకుడు పంపిన కబురు

కొడుకు పెట్టిన శాపం సంగతి తెలియగానే శమీక మహర్షి బాధపడి కొడుకును మందలించాడు. దాహంతో వచ్చిన పరీక్షిత్తు, మౌనవ్రతంలో ఉన్న తన మెడలో చచ్చిన పామును వేసిన మాట నిజమే. అంతమాత్రానికి ఏడోనాడు తక్షకుడి కాటుకు చావమని రాజును శపిస్తారా? అయితే శాపం వెనక్కి రాదు. గౌరముఖుడనే శీలవంతుడైన శిష్యుణ్ణి పిలిచి, ముందు రాజు క్షేమం అడగమనీ, తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పమనీ పంపాడు.

పంపకపోయినా ఆయన్ని అడిగేవాళ్లు లేరు. ఎలాగూ తప్పని చావు, తెలియకపోతే ఆ ఏడు రోజులైనా రాజు నిశ్చింతగా ఉంటాడు కదా అనుకోవచ్చు. మన ఇళ్లలో అనుకునేది అదే. రిపోర్టులో క్యాన్సర్ అని తేలిన రోజున పిల్లలు డాక్టరుగారి గదిలోంచి బయటికొచ్చి, "నాన్నకు మాత్రం చెప్పొద్దు, తట్టుకోలేరు" అని ఒకరి దగ్గర ఒకరు మాట తీసుకుంటారు. లోపలికెళ్లి "ఏం లేదు నాన్నా, గ్యాస్ట్రిక్కేనట" అంటారు. అది ప్రేమే, కాదనలేం. కానీ మంచం మీదున్న మనిషికి తన ఒంట్లో ఏదో జరుగుతోందని తెలుస్తూనే ఉంటుంది. అడిగినప్పుడల్లా అందరూ మాట మారుస్తుంటే అడగడం మానేస్తాడు. ఆ భయాన్ని ఇక ఒక్కడే మోస్తాడు.

కబురు అందాక రాజు ఏం చేశాడన్నది మన గ్రంథాల్లో రెండు రకాలుగా ఉంది. మహాభారతంలో ఒంటిస్తంభం మేడ కట్టించుకుని, చుట్టూ వైద్యుల్నీ మందుల్నీ మంత్రవేత్తల్నీ ఉంచుకున్నాడు. తక్షకుడు పండులో పురుగై వచ్చాడు. భాగవతంలోనేమో రాజ్యం జనమేజయుడికి అప్పగించి, గంగ దక్షిణపు ఒడ్డున దర్భల మీద ఉత్తరముఖంగా కూర్చున్నాడు. చావబోయేవాడు ఏం చేయాలని శుకమహర్షిని అడిగాడు. పోతన తెలుగులో చెప్పిన భాగవతమంతా ఆ ప్రశ్న చుట్టూ అల్లుకున్నదే, భాగవత సప్తాహానికి ఏడు రోజులు వచ్చిందీ అక్కణ్ణుంచే. బతకాలని పోరాడటం తప్పు కాదు, అన్నీ వదిలి గంగ ఒడ్డున కూర్చోవడమూ తప్పు కాదు. తెలిసింది కాబట్టే ఆ రెండు దారులూ రాజుకు దొరికాయి.

దాచమని కోరినవాడూ ఉన్నాడు. భారతం ఉద్యోగపర్వంలో, నువ్వు ధర్మరాజుకు అన్నవని కృష్ణుడు జన్మరహస్యం చెప్పినప్పుడు, ఇది ధర్మరాజుకు తెలియనివ్వొద్దని కర్ణుడు అడిగాడు. తెలిస్తే ఆయన రాజ్యం తన చేతిలో పెడతాడు, తాను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాడు. కర్ణుడి కారణం గొప్పదే. కానీ తెలియక అన్నను చంపించుకున్న పాపం ధర్మరాజును పట్టుకుంది. యుద్ధం ముగిసి, గంగలో తర్పణాలు వదిలే వేళ కుంతి నోరు విప్పితే ఆయన కుమిలిపోయాడు. ముందే తెలిసుంటే ఇంత సంహారం జరిగేది కాదని తల్లితో అన్నాడు.

"నాకేమీ చెప్పొద్దు, మీరే చూసుకోండి" అనే పెద్దలూ ఉంటారు. వాళ్ల మాట మన్నించాల్సిందే. అందుకే ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ముందుగా రోగినే అడగాలి. తెలుసుకోవాలన్నవారికి, గౌరముఖుడిలా క్షేమం అడిగి, పక్కన కూర్చుని చెప్పాలి. ఆ రోగికి బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో పెద్దకొడుక్కి చూపించాలని ఉండొచ్చు. తిరుపతి మొక్కు ఒకటి మిగిలి ఉండొచ్చు. ఏళ్లుగా మాటల్లేని తమ్ముణ్ణి ఒక్కసారి పిలిపించమని అడగాలని ఉండొచ్చు.