బొగ్గుగనుల డిసెంబరు వేడుక

ఉత్తర తెలంగాణ బొగ్గుగనుల ప్రాంతంలో చలికాలపు పెద్ద ఉమ్మడి వేడుక ఒకటి పంచాంగంలో కనిపించదు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబరు 23న ఏర్పడినందున, పూర్వపు కరీంనగర్ జిల్లాలోని గోదావరిఖనిలోనూ, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్‌లలోనూ ఏటా ఆ రోజున సింగరేణి ఆవిర్భావ దినోత్సవం జరుగుతుంది. జెండా ఎగురవేస్తారు, ఉత్తమ కార్మికులను సన్మానిస్తారు, ప్రసంగాలు మాత్రం కాస్త పొడవుగానే సాగుతాయి. రెండు రోజులకు క్రిస్మస్, మూడు వారాలకు సంక్రాంతి, పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో మెస్రం వంశపు గోండుల నాగోబా జాతర వస్తాయి.

అయితే గని షిఫ్టులలో, అనగా ఎనిమిదేసి గంటల వంతులలో, రాత్రింబవళ్లు నడుస్తుంది కనుక, ఒకరు పండుగకు ఇంటి వద్ద ఉండాలంటే మరొకరు దిగవలసిందే. భూగర్భ గనుల ముఖద్వారాల దగ్గర కనిపించే మైసమ్మ గుడి వద్ద, టోపీకి క్యాప్ ల్యాంప్ అనే దీపం బిగించుకున్న కార్మికులు దిగబోయే ముందు ఒక్క క్షణం ఆగి దండం పెట్టుకుంటారు. తోటివారితో కలిసి చేసే ఆచారాలలో నిజంగా నిత్యమైనది బహుశా ఇదే.

1990ల మొదట్లో లక్ష దాటిన కంపెనీ కార్మికుల సంఖ్య నేడు అందులో సగానికి లోపే ఉండగా, పక్కనే పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు డిసెంబరు సన్మాన వేదికపై చోటెంత అన్నది అడగవలసిన ప్రశ్న.