శత్రువు ఓడకూ వెలుగేనా?

సముద్ర తీరానికి విహారయాత్రకు వెళ్ళినవాళ్ళు వీలుంటే లైట్‌హౌస్ ఎక్కకుండా తిరిగిరారు. పైనుంచి కొండలనూ అలలనూ చూస్తారు, ఫోటోలు దిగుతారు. తప్పేమీ లేదు. సృష్టిలోని అందాన్ని చూసి మురిసిపోవడం మనిషికి సహజమే. కాని ఆ దీపస్తంభాన్ని మన కోసం కట్టలేదు. ముఖపరిచయం కూడా లేని నావికుల కోసం కట్టారు. ఆ నావికుడు శత్రువైతే?

ఇంగ్లండులోని ప్లిమత్ తీరంలో ఈ ప్రశ్న నిజంగానే తలెత్తింది. ఆ ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన నడిసముద్రంలో ఎడ్డీస్టోన్ అనే రాళ్ళున్నాయి. పోటు సమయంలో అవి చాలావరకు నీట మునిగి ఉంటాయి. వాటికి తగిలి ఎన్నో ఓడలు పగిలాయి. 1696లో హెన్రీ విన్‌స్టాన్లీ అనే ఆయన వాటి మీద దీపస్తంభం కట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం జరుగుతోంది. 1697లో ఒక ఫ్రెంచి ఓడ వచ్చి ఆయన్ని పట్టుకుపోయింది. సంగతి విన్న ఫ్రాన్సు రాజు 14వ లూయీ, ఆయన్ని వదిలేయమన్నాడు. తన పోరు ఇంగ్లండుతోనే గాని మానవజాతితో కాదని రాజు అన్నట్టు చెప్పుకుంటారు.

ఇక్కడ తొందరపడి రాజును పొగడనక్కర లేదు. ఫ్రెంచి ఓడలు కూడా ఆ దారినే తిరిగేవి. ఇటు దీపస్తంభం పేరిట ఓడల దగ్గర సుంకం కూడా వసూలు చేసేవారు. మరి స్వలాభం కలిసినంత మాత్రాన మంచి పని చెడిపోతుందా? చెడిపోదనే మేమనుకుంటున్నాం. సుంకం రేవులో కడతారు. కట్టకుండా దాటిపోయే ఓడకూ, రేపు ఫిరంగులతో మీద పడబోయే ఓడకూ ఆ వెలుగు ఒకేలా కనిపిస్తుంది. మనవాళ్ళకు మాత్రమే ఇచ్చుకునే మేలు కాదది. ఆ సంగతి తెలిసీ కట్టడానికి పూనుకున్నవాడి సంకల్పంలో (నియ్యత్‌లో) ఉంది మంచి.

1698లో దీపం వెలిగింది. 1703 నవంబరులో పెనుతుపాను వచ్చిన రాత్రి, మరమ్మతుల కోసం వెళ్ళిన విన్‌స్టాన్లీ ఆ స్తంభంలోనే ఉన్నాడు. తెల్లవారేసరికి స్తంభమూ లేదు, ఆయనా లేడు. కొద్ది రోజులకే ఒక వర్తక నౌక అవే రాళ్ళకు తగిలి మునిగింది.

1759లో జాన్ స్మీటన్ రాతితో కట్టిన స్తంభంలో 24 కొవ్వొత్తులు వెలిగేవి. ఆ కట్టడం చెక్కుచెదరలేదు గాని కింది బండనే అలలు కోసేశాయి. 1882లో పక్క రాతి మీద కొత్త స్తంభం వచ్చాక, పాతదాని పైభాగాన్ని ఊడదీసి ప్లిమత్ ఒడ్డున నిలబెట్టారు. యాత్రికులు ఇప్పుడు ఎక్కేది దాన్నే.

సోదర సోదరీమణులారా! వేసవిలో మసీదు గేటు దగ్గర నీళ్ళకుండ పెట్టినప్పుడు, తాగేవాడిది ఏ ఊరని మనం అడగం. అంతవరకు బాగానే ఉంటాం. ఇంటి దగ్గరికొచ్చేసరికే తేడా వస్తుంది. మన అరుగు మీది బల్బు వీధిలో సగం దూరం వెలుగిస్తుంది. ఎదురింటివాళ్ళతో మాట పట్టింపు వచ్చాక ఆ బల్బు ఆర్పేసిన ఇళ్ళు మనకు తెలుసు. వాళ్ళ పిల్లలతోపాటు మన పిల్లలూ ఆ చీకట్లోనే ట్యూషన్ నుంచి వస్తుంటారు. అడిగితే, కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందంటారు.